ఎడమచేతి ఉంగరం

బతికున్న మగాడి మీద అసూయ పడితే దానికో దారి ఉంటుంది. వీధిలో ఎదురైతే పలకరించకుండా పోవచ్చు. తాగిన మీద ఓ మాట అనెయ్యొచ్చు. మరీ ఒళ్లు మండితే చొక్కా పట్టుకోవచ్చు. చచ్చిపోయినవాడి మీద అసూయ పడితే ఏం చెయ్యాలి? మా నీసా ఊళ్లో జెనోన్‌ని అడగండి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన చేస్తున్న ఉద్యోగం అదే.

అంతకుముందు చేసిన ఉద్యోగం వేరు. రిటైరయ్యేదాకా జెనోన్ ఇళ్ల పొగగొట్టాలు శుభ్రం చేసేవాడు. నల్లకోటు, ఇత్తడి బొత్తాలు, భుజాన చుట్టచుట్టిన తాడు, దాని చివర ముళ్ల బ్రష్షు. మా వైపు పొగగొట్టాలాయన ఎదురైతే చటుక్కున చొక్కా బొత్తం పట్టుకుని ఏదైనా కోరుకోవాలి, అది జరిగి తీరుతుందని నమ్మకం. అలా ఊరు ఊరంతా ఆయన్ని చూసి బొత్తాలు పట్టుకుని ఉద్యోగాలూ పెళ్లిళ్లూ కోరుకుంది. ఆయన మాత్రం తనకు తాను ఎదురుపడలేక పెళ్లీ పెటాకులూ లేకుండా ముదిరిపోయాడు.

పోస్టాఫీసు రొమాన్ ఇంటికి కూడా ఏటా వెళ్లేవాడు. రొమాన్ ఆరడుగుల మనిషి, చర్చిలో పాట అందుకుంటే కిటికీ అద్దాలు అదిరేవి. పైగా మంచివాడు, అదే వచ్చిన చిక్కు. పని కాగానే మసిచేతుల మనిషిని వంటింట్లో కూర్చోబెట్టి చెర్రీపళ్ల సారా పోసేవాడు. ఆయన భార్య ఒతీలియా కేకుముక్క కోసి పెట్టేది. ఆ కేకు కోసం జెనోన్ ఆ ఇంటి గొట్టాన్ని అక్కర్లేకపోయినా రెండోసారి తోముతాడని మేం నవ్వుకునేవాళ్లం. కేకు కోసం కాదని ఒతీలియాకి తప్ప అందరికీ తెలుసు.

రొమాన్ గుండె ఆగి పోయాడు. కొన్నేళ్లు గడిచాక, జుట్టంతా నెరిశాక, జెనోన్ ధైర్యం చేసి అడిగాడు. ఒతీలియా సరేనంది.

మాలో మగైనా ఆడైనా పెళ్లయితే ఉంగరం కుడిచేతికి ఉంటుంది. భర్తో భార్యో పోతే అదే ఉంగరం ఎడమచేతికి మారుతుంది. అది చూసే ఎవరు సుమంగళో ఎవరు కాదో తెలుసుకుంటాం. ఒతీలియా ఎడమచేతికి రొమాన్ తొడిగిన ఉంగరం ఉండేది. పాతకాలపుది, వెడల్పుగా, బరువుగా, ఎర్రబంగారంతో మెరిసేది. రెండో పెళ్లికి ముందు ఆవిడ అడిగింది, "ఇది తీసెయ్యమంటావా, జెనెక్?" అని. జెనోన్‌ని ఆవిడ ముద్దుగా అలాగే పిలిచేది. జెనోన్ ఛాతీ విరుచుకుని "ఉండనీ, నాకేం! రొమాన్ దేవుడిలాంటివాడు" అన్నాడు. అన్న మరుసటి రోజు నుంచే కుళ్లుకోవడం మొదలుపెట్టాడు. తను కొన్న ఉంగరం సన్నటి పసుప్పచ్చ తీగ, కుడిచేతికి. ఎడమచేతికి రొమాన్ గారి పెద్దరికం. ఆవిడ టీకప్పు అందించినప్పుడల్లా రెండూ పక్కపక్కన కనబడేవి.

ఉంగరం చాలదన్నట్టు ఫొటో ఒకటి. ముందుగదిలో గాజు బీరువా మీద, ఎవరు వచ్చి కూర్చున్నా కళ్లకి ఎదురుగా. రొమాన్, ఒతీలియా కొత్తగా పెళ్లయినప్పుడు ప్రాగ్ వెళ్లి చార్లెస్ వంతెన మీద ఓ విగ్రహం కింద దిగింది. మంచు కురుస్తోంది. రొమాన్ తలమీద బొచ్చు టోపీ, చెయ్యి ఆవిడ భుజం చుట్టూ. ఆవిడ కాళ్లకి ఎర్రబూట్లు. పగలబడి నవ్వుతోంది. జెనోన్ కడుపుమంటంతా ఆ నవ్వు మీదే. తన ఎదట ఆవిడ చిరునవ్వు నవ్వుతుంది, మురిపెంగానూ నవ్వుతుంది. అలా పగలబడి ఎప్పుడూ నవ్వలేదు.

అందుకే పన్నాగం పన్నాడు. డిసెంబరులో ఒతీలియా పేరుపండగ, అంటే ఆవిడ పేరుగల పునీతురాలి రోజు, వస్తుంది. ఆ పండగ కానుకంటూ ప్రాగ్ క్రిస్మస్ సంతకి ఒక్కరోజు బస్సుయాత్రకి రెండు టికెట్లు కొన్నాడు. అదే వంతెన, అదే విగ్రహం, అదే మంచు, పక్కన తను. కొత్త ఫొటో బీరువా ఎక్కుతుంది, పాతది సొరుగులోకి దిగుతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆవిడ భర్త ఒక్కడే ఉంటాడు.

ఒతీలియా టికెట్లు అటూ ఇటూ తిప్పి చూసింది. "ప్రాగ్‌కే ఎందుకు, జెనెక్?"

"సంత బాగుంటుందట" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆవిడ చేతులకి నూలు గ్లౌజులున్నాయి. ఆ వారమంతా చేతులు పగిలాయని మందు రాసుకుని ఇంట్లో కూడా అవే తొడుక్కుని తిరిగింది. జెనోన్ పెద్దగా పట్టించుకోలేదు. పొగగొట్టాలు తోమినవాడికి పగిలిన చేతులో వింతా?

తెల్లవారకముందే బస్సు బయల్దేరింది. జెనోన్ మెట్లెక్కుతుంటే సగం బస్సు అలవాటుగా బొత్తాలు పట్టుకుంది. పక్కవీధి యాద్విగా, ఊళ్లో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తియ్యకుండానే చెప్పగలిగే మనిషి, ముందు సీట్లోంచి అరిచింది. "డ్రైవరు గారూ, పొగగొట్టాలాయన ఎక్కాడు, ఇక కళ్లు మూసుకుని తోలినా ఫరవాలేదు!"

ఉడికించిన గుడ్లు, రొట్టెలో పెట్టిన మాంసం వేపుడు, ఫ్లాస్కులో టీ. సరిహద్దు దాటకుండానే బస్సంతా గుడ్ల వాసన. జెనోన్ ముందుకు వంగి యాద్విగా చెవిలో మంతనం చేశాడు. "మీ ఫోనుతో వంతెన మీద మాకో ఫొటో తియ్యాలి. ఎడమవైపు మూడో విగ్రహం దగ్గర. మా ఇద్దరి నడుమా ఇంకెవరూ రాకూడదు."

"ఎవరొస్తారు నాయనా మీ మధ్యకి?" అందావిడ.

ప్రాగ్‌లో మంచు లేదు. మంచూ కాని వానా కాని తడి ఏదో మెడలోకి దిగుతోంది. మొదటి దెబ్బ అది. జెనోన్ ఆకాశాన్ని తిట్టుకున్నాడు. రెండో దెబ్బ, కళ్లద్దాలు బస్సులో మరిచిపోయి దిగాడు.

పాత చౌకులో పెద్ద గడియారం కింద జనం మెడలు ఎత్తి నించున్నారు. గంట కొట్టేసరికి చిన్న తలుపులు తెరుచుకుని బొమ్మలు వరసగా వెళ్లాయి. జెనోన్‌కి ముందున్నవాళ్ల టోపీలు తప్ప ఏమీ కనబడలేదు.

"ఇక్కడికీ వచ్చారా?" అన్నాడు.

"ఎవరు?"

"నువ్వూ, వాడూ."

"వచ్చాం. ప్రాగ్ వచ్చి గడియారం చూడకుండా పోతారా ఎవరైనా?"

"ఏమన్నాడు?"

"నాకేం గుర్తు, జెనెక్? ఏళ్లు గడిచిపోయాయి. మెడ నొప్పెట్టిందన్నాడేమో."

మెడ నొప్పట! ఆరడుగుల వాడికి మెడ ఎత్తాల్సిన ఖర్మేమిటి? జెనోన్ మూతి బిగించుకుని ముందుకు నడిచాడు. సంతలో మసాలాలు వేసి కాచిన వేడి వైను కొన్నాడు. "ఇదీ తాగారా అప్పుడు?" "తాగే ఉంటాం." దాల్చినచెక్క వాసన ఒక్కసారిగా చేదెక్కింది. చెప్పుల దుకాణం అద్దంలో ఎర్రబూట్లు కనబడ్డాయి. వెంటనే ఆవిడ మోచెయ్యి పట్టి ఆపాడు.

"అవి కొంటాను. తొడిగి చూడు."

"వద్దులే. ఇప్పుడు నా కాళ్లూ చేతులూ అలాంటివి పట్టేలా ఉన్నాయా? అన్నీ వాపులే."

"అప్పుడు పట్టాయిగా."

"అప్పుడు ఇరవై రెండేళ్లు నాకు" అని ఒతీలియా నవ్వింది. ఆ నవ్వు తనది కాదని, ఆ ఇరవై రెండేళ్లదని జెనోన్ తేల్చేసుకున్నాడు. కొండమీది కోటకి ఎక్కేటప్పుడు ఆవిడకన్నా నాలుగడుగులు ముందే నడిచాడు. దిగేటప్పుడూ అంతే. ఎక్కిన ప్రతి మెట్టూ రొమాన్ ముందే ఎక్కేసిన మెట్టులాగే ఉంది.

మధ్యాహ్నం భోజనం ఓ పాత హోటల్లో. కమాను కప్పు కింద పొడుగు బల్లలు. అడక్కుండానే బీర్లు తెచ్చి పెట్టారు. అద్దాలు లేక జెనోన్‌కి గోడమీది ధరలపట్టీ మసగ్గా కనబడుతుంటే ఒతీలియా చదివి చెప్పింది. పంది మాంసం, పుల్ల క్యాబేజీ, ఉడికించిన పిండిముద్దలు వచ్చాయి. ఎదురుగా యాద్విగా సాసేజి కొరుకుతోంది. ఆవిడ ఎదురుగా కూర్చుంటే గ్లౌజులతో తినడం ఎలా? ఒతీలియా ముందు ఎడమచేతిది తీసింది. కాస్త ఆగి కుడిచేతిది తీసి, ఆ చెయ్యి వెంటనే బల్ల కిందికి దించేసింది.

యాద్విగా కళ్లనుంచి ఏం తప్పుతుంది?

"అయ్యో అయ్యో! ఒతీలియా గారూ! కుడిచేతి ఉంగరమేదండీ? ఎడమచేతికొక్కటే ఉందేం?" అని బుగ్గలు నొక్కుకుంది. "జెనోన్ గారు ఇంకా బతికే ఉన్నారుగా! అదిగో, పిండిముద్ద కూడా తింటున్నారు!"

బల్లంతా గొల్లుమంది. జెనోన్ గొంతులో పిండిముద్ద అడ్డంపడింది. ఆవిడ ఎడమచేతి వైపు చూశాడు. మసగ్గా ఓ ఉంగరం, బంగారు మెరుపు. కుడిచెయ్యి బల్ల కింద.

"తర్వాత చెబుతాను, జెనెక్" అంది ఒతీలియా, మొహం కందిపోయి. "ఇక్కడ కాదు. వంతెన మీద చెబుదామనుకున్నాను."

"వంతెన మీదా? వాడు నిన్ను వాటేసుకున్న చోటా?" జెనోన్ లేచాడు. "అందుకా గ్లౌజులు? ప్రాగ్ రాగానే నన్ను ఊడదీసి జేబులో పెట్టుకున్నావా? ఇవాళొక్కరోజు రొమాన్ పెళ్లానివై ఊరంతా తిరుగుదామనుకున్నావా?"

"కూర్చో, అందరూ చూస్తున్నారు."

"చూడనీ! ఇన్నేళ్లూ నన్ను చూసి బొత్తాలు పట్టుకున్నారుగా, ఇప్పుడిదీ చూడనీ!"

టోపీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. యాద్విగా నోట్లో సాసేజి అలాగే ఉండిపోయింది.

కాళ్లు ఎటు తీసుకెళ్తాయి? వంతెనకే తీసుకెళ్లాయి. ఎడమవైపు మూడో విగ్రహం కింద, రాతిగోడ మీద మోచేతులు ఆనించి నించున్నాడు. కింద నది బూడిదరంగులో పారుతోంది. ఎవరో రొట్టెముక్కలు విసురుతుంటే నీటికోళ్లలాంటి తెల్లపిట్టలు అరుస్తూ గాల్లోనే అందుకుంటున్నాయి. తడి బట్టతల మీద జారుతోంది. ఏడుపు రావడం లేదు. ఎంత మంచివాడైతే మాత్రం, చచ్చి సమాధిలో పడుకున్నవాడు నా భోజనం బల్ల దగ్గరికి రావాలా? నా పెళ్లాం చేతికి నన్ను ఒక్కరోజు కూడా ఉండనివ్వడా?

"ఆవిడ మొగుడు చచ్చినదైతే నేనూ పెళ్లాం చచ్చినవాడినే!" అని పళ్లు కొరుక్కుని కుడిచేతి ఉంగరం పట్టి లాగాడు. ఎడమచేతికి మార్చుకుని, అలాగే బస్సెక్కి, ఊళ్లో కూడా అలాగే దిగుదామని ఆయనగారి పట్టుదల. ఇంట్లో సబ్బు రాసినా కదలని ఉంగరం చలికి వేళ్లు ముడుచుకుపోయి సుళువుగా వచ్చేసింది. మొద్దుబారిన వేళ్లకి అది వచ్చినట్టే తెలియలేదు. గోడ అంచు మీద ఒక్కసారి టింగుమంది, అంతే. రొట్టె అనుకుని ఓ పిట్ట దాని వెంట దూకింది. అదీ అందుకోలేకపోయింది.

జెనోన్ గాల్లోకి చెయ్యి చాపాడు. గోడ మీదికి వంగి నీళ్లలోకి చూశాడు. నీళ్లలో ఏముంటుంది, నీళ్లే ఉన్నాయి.

ఒతీలియా వచ్చేసరికి ఆయన అలాగే వంగి ఉన్నాడు. ఆవిడ రొప్పుతూ ఆయన కోటు వెనకాల గట్టిగా పట్టుకుంది.

"ఏం చేస్తున్నావ్, ముసలి మూర్ఖుడా! దూకుతావా?"

"దూకడం లేదు."

"ఇటు తిరుగు. తిరుగు ముందు." టోపీ ఆయన నెత్తిమీద చెవుల దాకా లాగింది. కుడిచేతి గ్లౌజు పళ్లతో లాగి ఊడదీసి, చెయ్యి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "చూడు. ఇంత దగ్గరైతే అద్దాలు లేకపోయినా కనబడుతుందిగా?"

ఉంగరపు వేలి కణుపు ఉసిరికాయంత ఉబ్బి ఉంది. దాని కింద చుట్టూ ఎర్రటి కోత గీత.

"పోయిన వారం ఉంగరం బిగిసి వేలు నల్లబడిపోయింది. కంసాలి దగ్గరికి పరుగెత్తాను. కత్తిరించి తీశాడు. ఈ వేలికి ఇక ఏ ఉంగరమూ ఎక్కదన్నాడు. ఎడమచేతి వేలు ఇంకా కాస్త నయం, కాని దానికైనా నీ ఉంగరం చాలదు, మధ్యలో ముక్క వేసి పెద్దది చెయ్యాలి, బంగారం తెమ్మన్నాడు. నా దగ్గర ఏ బంగారముంది, జెనెక్?"

జెనోన్ ఆ కోత గీత వంకే చూస్తున్నాడు.

"ఉన్న చెయ్యి ఒక్కటే. అందులో ఒక్క ఉంగరానికే చోటు. రొమాన్‌ది తీసి ఆ కంసాలి చేతిలో పెట్టాను. దాన్ని కోసి నీ ఉంగరంలో వెయ్యమన్నాను." ఇప్పుడు ఎడమచెయ్యి చాపింది. "ఇది నీదే. సరిగ్గా చూడు."

ఆయన ఆ చెయ్యి పట్టుకుని కళ్లకి ఆనించుకున్నంత దగ్గరగా చూశాడు. తను కొన్న సన్నటి పసుప్పచ్చ తీగే. వేలి అడుగున, అరచేతి వైపు, చిన్న ముక్క మాత్రం ఎర్రగా ఉంది.

"నీ ఉంగరం కత్తిరించారంటే నువ్వు గింజుకుంటావని చెప్పలేదు. ఈ వంతెన మీద చూపిస్తే సంతోషిస్తావనుకున్నాను" అంది ఒతీలియా. "నువ్వు ఆ ఫొటో వంక చూసే చూపు నాకు తెలీదనుకున్నావా? ప్రాగ్ ఎందుకో తెలీదనుకున్నావా? పొద్దుట్నించీ ఆ మనిషి పేరు నేనెత్తానా చెప్పు, ఒక్కసారైనా? గడియారం దగ్గర ఎవరెత్తారు? సంతలో ఎవరెత్తారు? నువ్వే ఆయన్ని చెయ్యి పట్టుకుని ఊరంతా తిప్పుతున్నావు!"

జెనోన్ తల దించుకున్నాడు. కాని ఆ మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ ఎర్రముక్క వంకే చూస్తూ, "అంటే ఇప్పుడు నా ఉంగరంలోకే దూరాడన్నమాట" అని గొణిగాడు.

"దూరాడు. అడుగున, కనబడని చోట. ఆ మాత్రం చోటివ్వలేవా ఆయనకి? నీకు సారా పోసిన మనిషి." అని ఒతీలియా ఆయన చెయ్యి అందుకుంది. "చెయ్యి మంచుగడ్డలా ఉంది..." అని ఆగిపోయింది. కుడిచెయ్యి తిప్పి చూసింది. ఎడమది చూసింది. "నీదేదీ?"

జెనోన్ నది వైపు చూశాడు.

"ఏదని అడిగాను."

"ఎడమచేతికి మార్చుకుందామని... నీమీద కోపంతో... జారిపోయింది."

ఒతీలియా ఆయన చెయ్యి వదిలేసింది. అంతదాకా కేకలేసిన మనిషి, ఈసారి గొంతెత్తలేదు. "నేను నీకోసం ఆయన్ని తీశాను. నువ్వు నన్నే తీసేశావు" అంది. కళ్లనీళ్లు తుడుచుకోకుండా నది వైపు తిరిగింది.

కొట్టినా బాగుండుననిపించింది జెనోన్‌కి. పొద్దున్నుంచీ కడుపులో మండింది చప్పున ఆరిపోయి అక్కడ సిగ్గు మిగిలింది. చివరికి "నన్ను క్షమించు, ఒతిల్కా" అన్నాడు. ఆవిడ ఇటు తిరగలేదు.

ఈలోగా యాద్విగా ఫోను పట్టుకుని పరుగున వచ్చేసింది. "ఇక్కడున్నారా! మూడో విగ్రహం ఇదేగా? తొందరగా నించోండి, నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి."

"వద్దండీ" అన్నాడు జెనోన్.

"తియ్యండి" అంది ఒతీలియా.

తీసింది. ఆ ఫొటో మేమంతా చూశాం. మంచు లేదు. టోపీ చెవులమీదికి దిగి, ముక్కు ఎర్రబడి, జెనోన్ బడిలో దెబ్బలు తిన్నవాడిలా ఉన్నాడు. ఆవిడ నవ్వడం లేదు, అయినా ఎడమచెయ్యి ఆయన మోచేతి మీదే ఉంది. అందం గురించైతే పాత ఫొటో ముందు ఇది దిగదుడుపే.

తిరుగు ప్రయాణంలో బస్సంతా కునుకు తీస్తోంది. సరిహద్దు దాటేదాకా ఒతీలియా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. జెనోన్ ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో పోసి ఆవిడ ముందు పట్టుకుని, చల్లారిపోతున్నా కదలకుండా అలాగే ఉన్నాడు. చివరికి ఆవిడ తీసుకుని తాగింది.

"కంసాలి దగ్గర సగానికి పైగా మిగిలింది" అంది, కిటికీలోకే చూస్తూ.

"ఏం మిగిలింది?"

"ఆయన ఉంగరం. వెడల్పుది కదా. నాకు పట్టింది చిన్నముక్క. మిగతాది ఇంకో ఉంగరానికి సరిపోతుంది."

జెనోన్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. "రొమాన్ బంగారమా? నా వేలికా?"

"వద్దంటే వట్టి చేత్తో తిరుగు. యాద్విగాకి చెప్పుకోడానికి ఏడాదికి సరిపడా ఉంటుంది."

బస్సు కొండదారిలో మలుపులు తిరిగింది. జెనోన్ తన వట్టివేలు రుద్దుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. ఆయన లోపల ఏమేం పోట్లాడుకున్నాయో ఆయనకే తెలియాలి. మా ఊరి దీపాలు కనబడ్డాక మెల్లగా ఆవిడ వైపు వంగాడు.

"అది చేయిస్తే..." అన్నాడు, ఎవరూ వినకుండా. "ఆయనది కదా అది... ఎడమచేతికి పెట్టుకోవాలా?"

అప్పుడు నవ్వింది ఒతీలియా. ముందు సీట్లోంచి యాద్విగా ఉలిక్కిపడి లేచేంతగా, పగలబడి నవ్వింది.

"కుడిచేతికే పెట్టుకో, జెనెక్" అంది. "నేను బతికే ఉన్నాను కదా."